తొమ్మిదో సాక్షి

మా అమ్మ బళ్ళారి కోర్టులో ప్రభుత్వం తరఫున క్రిమినల్ కేసులు వాదిస్తుంది. సత్యనారాయణపేటలో మా ఇంట్లో ఉండేది మేమిద్దరమే. స్కూలు ఫారాల్లో తండ్రి పేరు రాయాల్సిన గడిలో అమ్మ ఒక అడ్డగీత గీసేది. కోర్టు ఆలస్యమైన రోజుల్లో నన్ను స్కూలు నుంచి తన బండి మీద తెచ్చి ఇంట్లో దింపేది కోర్టు కానిస్టేబుల్. సమన్లు అందించడం, సాక్షులను వెంటబెట్టుకుని రావడం ఆయన పని. మా ఇంటి రెండో తాళంచెవి పదిహేనేళ్లు ఆయన దగ్గరే ఉండింది. నేను ఆయనను మామా అని పిలిచేవాణ్ని.

ఇంజనీరింగ్ అయిపోయాక ఉద్యోగం వెతుక్కుంటూ అమ్మ కేసులకు పట్టికలు చేసిపెట్టేవాణ్ని. సాక్షి నెంబరు, ఊరు, ఏం చూశారు, ఏ రోజు పిలవాలి అని వరుసగా గడులు. వాయిదా మారితే రంగు దానంతటదే మారేది. అమ్మ చేతిరాత జాబితాల కంటే నా పట్టిక బాగుందని నాకు గట్టి నమ్మకం.

ఆ ఏడాది ఒక లారీ కేసు వచ్చింది. లారీ కింద పడి ఒక కూలీ చనిపోయాడు. బండి నడిపింది తానేనని ఒక ముసలి డ్రైవరు స్టేషన్‌కు వచ్చి లొంగిపోయాడు. నడిపింది యజమాని కొడుకని అమ్మ అనుమానం. స్టీరింగ్ దగ్గర నుంచి ఎవరు దిగారో చూసిన మనిషి ఒక్కతే. హచ్చొళ్ళి నుంచి పత్తి ఏరడానికి వచ్చిన ఆడమనిషి. పోలీసుల జాబితాలో ఆమెది తొమ్మిదో నెంబరు. అవతలివాళ్లు ఆమెను కలుసుకునే వ్యవధి ఉండకూడదని అమ్మ ఆమెను మొదటి రోజే, సోమవారమే పిలవాలనుకుంది. ఈ మార్పు తెలిసింది ముగ్గురికే: అమ్మకు, ఆమెను తీసుకురావాల్సిన కానిస్టేబుల్‌కు, పట్టికలో ఎక్కించిన నాకు.

అంతకుముందు శుక్రవారం మోక అనే ఊళ్లో ఉండే నా కాలేజీ స్నేహితుడు వాళ్ల లారీల ట్రిప్పులకు అలాంటి పట్టిక కావాలన్నాడు. నా ఫైలులో రెండు షీట్లున్నాయి. పైదాన్ని ఖాళీ చేశాను. సాక్షుల పేర్లు, పిలిచే తేదీలు ఉన్న రెండోదాన్ని తీసేస్తే పైదానిలో లెక్కలు ఆగిపోతాయి. అందుకని దాన్ని కనపడకుండా మాత్రం చేసి పంపాను. కొత్తగా చేయడానికి పది నిమిషాలు పట్టేది. దాచిన షీటు బయటికి రావడానికి రెండు క్లిక్కులు చాలు. ఆ సంగతి నాకు తెలుసు. కేసులో ఉన్న లారీ వాడి చిన్నాయనదని కూడా తెలుసు. వాడు చూడడులే అనుకున్నాను. పట్టిక బాగుందని వాడు మెసేజ్ పెడితే సంతోషపడ్డాను.

సోమవారం కానిస్టేబుల్ హచ్చొళ్ళి వెళ్లేసరికి ఆమె ఇంటికి తాళం వేసి ఉంది. ఆమె ఎవరిదో కారులో నేరుగా కోర్టుకు వచ్చింది. బోనెక్కి, తాను వెనక్కు తిరిగి ఉన్నానని, ఎవరు దిగారో చూడలేదని చెప్పింది. సాయంత్రం అమ్మ నల్లకోటు కూడా విప్పకుండా కుర్చీలో కూర్చుంది.

"ముగ్గురికే గదా తెలిసుండేది" అంది. "నువ్వు ఇంట్లోవానివి."

నేను తలూపాను.

ఆ వారంలోనే కానిస్టేబుల్‌ను కోర్టు పని నుంచి తీసి బందోబస్తు డ్యూటీకి వేశారు. తాళంచెవి తెమ్మని అమ్మ నన్నే పంపింది. ఆయన దాన్ని గుడ్డతో తుడిచి నా చేతిలో పెట్టాడు.

"మేడమ్‌కు నా మీద ఏమన్నా కోపమేమప్పా?" అన్నాడు.

"తెలీదు మామా" అన్నాను.

మూడు వారాలు ఆ ఫైలు పంపిన సంగతిని లోపలే పెట్టుకుని తిరిగాను. రోజూ మూడు పూటలా తిన్నాను. రెండు ఇంటర్వ్యూలకు వెళ్లాను. ఆయన మీద శాఖ విచారణ మొదలైంది. అమ్మ వాంగ్మూలం ఇవ్వాల్సిన రోజు పొద్దున, ఆమె మెడకు తెల్ల బ్యాండు కట్టుకుంటుండగా చెప్పాను. అమ్మ చెయ్యి మెడ దగ్గరే ఆగింది.

"ఎప్పుడు పంపినావు?"

"శుక్రవారం."

"ఆ లారీ వాళ్లదని తెలుసునా?"

"తెలుసు."

"నేను ఆయప్పను అనుమానిస్తా ఉంటే నువ్వు ఈడనే కూచోనుంటివి."

అది ప్రశ్న కాదు. నన్ను తిట్టలేదు. కూర్చుని, పై అధికారికి కన్నడలో ఒక పేజీ రాసింది: సంగతి బయటికి పోయింది తన ఇంటి నుంచేనని, బాధ్యత తనదేనని, కానిస్టేబుల్ తప్పు లేదని. నేను టైపు చేస్తానంటే వద్దంది. తాళంచెవి నా ముందు పెట్టింది.

"నాకు చెప్తే సరిపోదు. పోయి ఆయప్పకు చెప్పు."

పోలీస్ క్వార్టర్స్‌లో ఆయన గుమ్మం దగ్గర కూర్చుని బూట్లకు పాలిష్ పెడుతున్నాడు. చెప్పడానికి అంశాలన్నీ వరుసగా మనసులో అమర్చుకుని వెళ్లాను. రెండోదాని దగ్గరే వరుస తప్పింది. ఆయన బ్రష్షు కింద పెట్టి అంతా విన్నాడు. ఇంట్లోకి తిరిగి చూశాడు. తలుపు పక్కన ఆయన భార్య నిలబడి ఉంది.

"సోమారం హచ్చొళ్ళికి పోతాండానని ముందే దీనికొక్కదానికే చెప్పింటి" అన్నాడు నెమ్మదిగా. "ఎవురికి చెప్పినావని మూడు వారాల్నుంచి దీన్నే పీక్కతింటాండా. పుట్టింటోళ్లకు ఫోన్ చేయనీలేదు."

ఆమె గురించి నేను ఒక్కసారి కూడా ఆలోచించలేదు. నా పట్టికలో ఆమెకు గడి లేదు.

తాళంచెవి చాచాను. ఆయన అందుకోలేదు.

"బీగాలు మేడమ్ ఇస్తే తీసుకుంటా. నీ చేత్తో వద్దప్పా." గుమ్మం మీద కొంచెం జరిగి, "ఆయ్తు, సరేలే, కూచో" అన్నాడు.

ఆమె లోపలికి వెళ్లి కాఫీ తెచ్చింది. స్కూలు రోజుల్లో నేను వస్తే నాకు ఇచ్చే చిన్న స్టీలు గ్లాసులోనే. నేను తాగి గ్లాసు కింద పెట్టేదాకా నా ఎదుటే నిలబడింది.