చల్లనీళ్ళ శాఖ

ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను నిలదీయకండి. ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. ఇంట్లో ఈగ వాలితే నేను గద్ద వాలిందంటాను. మా ఆవిడ దాన్ని మళ్ళీ ఈగగా మార్చుకుని వింటుంది. పాతికేళ్ళ అలవాటు. మీరూ అలాగే తగ్గించుకుంటూ చదవండి. పూర్తిగా కల్పించిన ముక్క మాత్రం ఒకటుంది, అదేదో చివర్లో నేనే ఒప్పుకుంటాను.

రెండువేల ఇరవైలో కొన్నాళ్ళు నేనొక నగరాన్ని పరిపాలించాను. దుబాయ్ పక్కనున్న రాస్ అల్ ఖైమాలో, కొండల మొదట్లో, రాళ్ళు పగలగొట్టే క్వారీ కంపెనీ ఒకటి తన మనుషుల కోసం కట్టిన లేబర్ క్యాంపు అది. నాలుగు వరసల గదులు, ఒక మెస్సు, ఒక గేటు, గేటు దగ్గర ఒక నేపాలీ వాచ్‌మన్, గదుల కప్పుల మీద నీళ్ళ ట్యాంకులు. మహానగరాలన్నీ మొదట్లో ఇంతే ఉండి ఉంటాయి.

నా అసలు ఉద్యోగం స్టోర్‌కీపర్. నట్లు, బోల్టులు, గ్రీజు డబ్బాలు తప్ప ఇంకే ప్రజలూ నా ఏలుబడిలో ఉండేవారు కాదు. ఆ మార్చిలో రోగం వచ్చింది. విమానాలు ఆగాయి, కట్టడాలు ఆగాయి, మా రాళ్ళు ఎవరికీ అక్కర్లేకపోయాయి. క్రషర్ ఆగిన రోజు ఆ నిశ్శబ్దానికి సగంమంది తమ చెవులు పోయాయనుకుని ఒకరి చెవిలో ఒకరు అరుచుకున్నారు. క్యాంపు బాస్ అప్పటికే సెలవు మీద ఊరెళ్ళి అక్కడే ఇరుక్కుపోయాడు. అప్పుడు మా ముదీర్, అంటే మేనేజరు, నాకు ఫోన్ చేశాడు.

"ఆజ్ సే క్యాంప్ తుమ్ దేఖో. పానీ, మెస్, గేట్, సబ్ కుఛ్. ఖలాస్."

ఇవాళ్టి నుంచి క్యాంపంతా నువ్వే చూసుకో, అంతే అని ఫోన్ పెట్టేశాడు. ఇంత పొట్టి పట్టాభిషేకం చరిత్రలో ఇంకెవరికీ జరిగి ఉండదు.

మర్నాటికల్లా నేను మేయర్ని, మున్సిపల్ కమిషనర్ని, నీటిపారుదల మంత్రిని. ప్రతిపక్షం కూడా నేనే అయ్యేవాణ్ణి గానీ ఆ శాఖకి పోటీ చాలా ఉంది. నీళ్ళ ట్యాంకర్ అంతకుముందు రోజూ వచ్చేది. పని లేని క్యాంపుకి రోజూ నీళ్ళెందుకని రోజు విడిచి రోజు చేశారు. పని లేని మనిషికే నీళ్ళు ఎక్కువ కావాలన్న సంగతి ఆఫీసులో ఎవరికీ తట్టలేదు. చేసే పనేమీ లేక మావాళ్ళు స్నానం మీద స్నానం చేస్తున్నారు, ఉతికిన చొక్కాలే మళ్ళీ ఉతుకుతున్నారు. ఒకాయనైతే చీపుర్ని కూడా కడిగాడు. అందుకని నేను నీళ్ళకి వేళలు పెట్టాను. మోటారు గది తాళంచెవి తాడుకి కట్టి మెళ్ళో వేసుకుని తిరిగాను. ఒకరోజు నీళ్ళు ఆపేసే వేళకి ఇంకా ఒళ్ళంతా సబ్బుతో ఉన్న వెల్డర్ ఒకాయన, కళ్ళు మూసుకునే నా గదికి వచ్చి, నేననుకుని గోడను పావుగంట తిట్టి వెళ్ళాడు. గోడ నాకన్నా హుందాగా విన్నది.

మేలో ఎండలు ముదిరాయి. ఇక్కడి ఎండాకాలం సంగతి తెలియనివాళ్ళకి ఒక మాట చెప్పాలి. కప్పు మీది ట్యాంకులో నీళ్ళు పొద్దంతా ఎండకి కాగుతాయి. నీలం గుర్తున్న చన్నీళ్ళ కుళాయి తిప్పితే గుడ్డు ఉడికే నీళ్ళొస్తాయి. అందుకే దుబాయ్‌లో కొన్నేళ్ళు ఉన్నవాడెవడూ ఎండాకాలంలో గీజరు వెయ్యడు. స్విచ్ ఆపేసిన గీజరు గది లోపల, నీడలో, ఏసీ గాలికి ఉంటుంది. అందులో నిలవున్న నీళ్ళు ఒక రాత్రికి చల్లబడతాయి. కాబట్టి ఎండాకాలంలో చన్నీళ్ళు కావాలంటే ఎర్ర కుళాయి తిప్పాలి. పై నుంచి కొత్తగా వేన్నీళ్ళు దిగి కలిసేదాకా, మొదటి ఒకటి రెండు బకెట్లే ఆ భోగం. ఆ బకెట్ల కోసం మా క్యాంపులో జరిగిన యుద్ధాలకి ఏనుగులూ గుర్రాలూ మాత్రమే తక్కువ.

ఇందులోంచి ఇంకో చిక్కు పుట్టింది. గేటు దగ్గర వాచ్‌మన్‌కి జ్వరం చూసే తుపాకి ఒకటిచ్చారు. నుదుటికి గురిపెట్టి నొక్కితే అంకె చెబుతుంది. అంకె ఎక్కువైతే రెండు వారాలు విడిగదే. నన్ననుకుని గోడను తిట్టిన ఆ వెల్డరే ఒక మధ్యాహ్నం నీలం కుళాయి కింద స్నానం చేసి, నేరుగా గేటు దగ్గరికి పోయాడు. తుపాకి ఎర్రబడింది. మనిషి గుర్రంలా ఉన్నాడు, అయినా విడిగదిలో పెట్టారు. రెండు వారాలు కూర్చోబెట్టి మేపితే బయటికి రావడానికి తలుపు చాల్లేదు.

ఈ సంగతంతా చూసి మా మేస్త్రీకి నిద్ర పట్టడం మానేసింది.

మేస్త్రీది కడప వైపు. పెళ్ళైన పదేళ్ళకి ఇప్పుడు భార్యకి నెలలు నిండుతున్నాయి. చిక్కుకుపోయినవాళ్ళని ఇళ్ళకి చేర్చే విమానంలో జూలైలో అతనికి ఒక సీటు దొరికింది. దిగాక అక్కడా క్వారంటైన్ ఉంటుంది. అన్నీ కలుపుకుంటే కాన్పు వేళకి సరిగ్గా ఇంటి గడప తొక్కుతాడు. ఈ విమానం తప్పితే తర్వాతిది ఎప్పుడో ఎవరూ చెప్పలేదు. ఎయిర్‌పోర్టులోనూ తుపాకి ఉంటుంది. పైగా మేస్త్రీది వేడి ఒళ్ళు. కంగారు పడితే ఇంకా వేడెక్కుతుంది. తుపాకిని చూస్తేనే కంగారు పడతాడు.

"సారూ, నా మొగం జూడు, కాలతాండాదా?" అని రోజూ అడిగేవాడు.

"లేదు మేస్త్రీ, మంచిగున్నవ్."

"చెయ్యి పెట్టకుండానే చెప్తాండావే!"

"చెయ్యి పెట్టద్దని నేనే రూల్ పెట్టిన గదా భాయ్!"

విషయం ప్రభుత్వం దాకా వచ్చింది, అంటే నా దాకా. మెస్సులో మంత్రివర్గ సమావేశం పెట్టాను. ప్రయాణం రోజున మెస్సు పక్క బాత్రూము గీజరు నీళ్ళు ముట్టుకునే హక్కు మేస్త్రీకి తప్ప ఎవరికీ లేదని తీర్మానించాం. ముందురోజు పొద్దున్నుంచి తలుపుకి టేపు అంటించి, పక్కన కుర్చీ వేసి, పహారా పెట్టాం. ఖజానాకి కూడా ఇంత కాపలా ఉండదు. ఎర్ర కుళాయి కింద నిండుగా చన్నీళ్ళు పోసుకుని, మనిషి దోసకాయలా బయటికి రావాలి, అలాగే విమానమెక్కాలి. అదీ పథకం.

పథకంలో మేం మర్చిపోయింది మా వంటాయన్ని. నెల్లూరు మనిషి. జనవరి చలిలో దిగాడు, ఇక్కడి ఎండాకాలం ఇదే మొదలు. మెస్సులోనే ఉండే వంటవాళ్ళ గదికి నీళ్ళ ట్యాంకు వేరే, నీడపట్టున ఉండటంతో మా కుళాయిల గొడవ ఎప్పుడూ తెలుసుకోలేదు. టేపూ కాపలా చూసి, ఇదేదో ఘనమైన స్నానమని మాత్రం అర్థం చేసుకున్నాడు. పదేళ్ళ తర్వాత బిడ్డని చూడబోయేవాడు. అలాంటివాణ్ణి తలంటు పోయకుండా ఎలా పంపుతామని, కొబ్బరినూనె తెచ్చి, శీకాయ పొడి కలిపి, పొద్దున్నే బయటున్న స్విచ్ వేసేశాడు. టేపూ కాపలా మేం తలుపుకే పెట్టాం, స్విచ్‌కి కాదు.

మధ్యాహ్నం మేస్త్రీ లోపలికెళ్ళాడు. అతను వేసిన కేకంత చప్పుడు క్వారీలో డైనమైట్ పేల్చినప్పుడు కూడా నేను వినలేదు.

బయటికొచ్చిన మేస్త్రీ ఉడికిన రొయ్యలా ఉన్నాడు. శీకాయ వాసన ఒమన్ సరిహద్దు దాకా పోయింది.

"గీజర్ ఎవడేసిండు?" అని నేను గర్జించాను.

వంటాయన నూనె గిన్నెతో నిలబడ్డాడు. "నేనేనన్నా. ఏందన్నా, అట్టా చూస్తావుండారు? దూరప్రయాణం చేసేవోడికి తలకి పోయబళ్ళా?"

"ఏం జేస్తివన్నా!" అన్నాడు మేస్త్రీ, ఏడుపు గొంతుతో. "నన్ను నిలువునా ఉడకబెడ్తివి గదన్నా!"

వాచ్‌మన్ అలవాటు కొద్దీ తుపాకి పెట్టాడు. ఎర్రగా వెలిగింది. అతను దాన్ని జేబులో పెట్టుకుని ఆకాశం వైపు చూస్తూ, "సాబ్, నహా కే ఆయా హై. థోడా ఠండా హోనే దో, ఫిర్ దేఖేంగే" అన్నాడు, స్నానం వేడి చల్లారాక మళ్ళీ చూద్దామని. వెల్డర్ సంగతి అతని మనసులోనూ ఉంది. కానీ ఎక్కడ చల్లబడాలి? బయట నలభై అయిదు డిగ్రీలు. నీళ్ళ కుళాయిలు రెండూ ఇప్పుడు నిప్పే. గదిలో కూర్చుందామంటే అక్కడి ఏసీ పొద్దున్నుంచి దగ్గుతోంది తప్ప గాలి ఇవ్వడం లేదు. విమానానికి బయల్దేరాల్సిన వేళ అయింది.

సరిగ్గా అప్పుడు మెస్సుకి కూరగాయలు తెచ్చే, లోపలంతా ఫ్రిజ్‌లా చల్లగా ఉండే చిల్లర్ వ్యాన్ గేటు ముందు ఆగింది. నడిపేది ఒక పఠాన్. సంగతి విని పొట్ట పట్టుకుని నవ్వి, వెనక తలుపు తీశాడు.

"యల్లా, మేస్త్రీ! గోభీ కే సాథ్ బైఠో!"

అలా మా మేస్త్రీ, కొత్త ప్యాంటు, కొత్త చొక్కా, మెళ్ళో పాస్‌పోర్టు సంచీతో, క్యాబేజీ బస్తాల మధ్య కూర్చుని దుబాయ్‌కి ప్రయాణమయ్యాడు. నేను ముందు సీట్లో ఎక్కి, తలుపు మధ్యమధ్య తెరవమని పఠాన్‌కి ఆజ్ఞ జారీ చేశాను. దారిలో రెండు పెట్రోలు బంకుల దగ్గర ఆగి తలుపు తట్టాం.

"మేస్త్రీ! ఉన్నవా?"

"ఉండా సారూ! క్యాబేజీలు గూడా బాగుండాయి!"

ఎయిర్‌పోర్టు దగ్గర తలుపు తీసేసరికి అతని మీసానికి మంచు పట్టింది. ద్వారం దగ్గర తుపాకి పట్టుకున్న అమ్మాయి నుదుటికి గురిపెట్టి నొక్కింది. అంకె రాలేదు. మళ్ళీ నొక్కింది, రాలేదు. తన అరచేతికి పెట్టి చూసుకుంది, వచ్చింది. మేస్త్రీకి మాత్రం రాలేదు. లెక్క ప్రకారం అక్కడ నిలబడ్డవాడు బతికున్నవాడు కాడు. పక్కనున్న అధికారి మేస్త్రీని పైనుంచి కిందకి చూసి, చొక్కాకంటుకున్న క్యాబేజీ రెబ్బ చూసి, ఏమీ అడక్కుండా బయట ఎండలోకి వేలు చూపించాడు.

ఆ ఎండలో గడిచిన కాసేపు నా పాలన మొత్తంలోకీ కష్టమైన ఘట్టం. తక్కువసేపు ఉంటే అంకె రాదు. ఎక్కువసేపు ఉంటే మళ్ళీ జ్వరం. అటు మంచు, ఇటు మంట, మధ్యలో సన్నగా ఒక్క గీత ఉంది, మేస్త్రీ దాని మీద నిలబడాలి. ఇడ్లీ పాత్ర దగ్గర నిలబడ్డట్టు నిలబడ్డాను.

"సారూ, ఉడికిందా?"

"ఇంకొంచెం. కదలకు. కంగారు పడకు."

"పుట్టబోయే బిడ్డని తలుచుకుంటాండా."

"బిడ్డను తలుచుకుంటే ఇంకా వేడెక్కుతవ్! క్యాబేజీలను తలుచుకో!"

"సరే సారూ." కళ్ళు మూసుకుని క్యాబేజీలను తలుచుకున్నాడు. పెదవులు కదిలాయి, ఆ జపం క్యాబేజీలదో దేవుడిదో నాకు తెలియదు. "పో, ఇప్పుడు పో" అన్నాను. పోయాడు. అమ్మాయి నొక్కింది. పచ్చగా వెలిగింది. మేస్త్రీ తన చేతి సంచీని కూడా మర్చిపోయి లోపలికి పరుగెత్తాడు, నేను అరిస్తే మళ్ళీ వచ్చి తీసుకున్నాడు. వెనక్కొచ్చినందుకు మళ్ళీ తుపాకి పెట్టారు. మళ్ళీ పచ్చే. నేనూ పఠానూ కరచాలనం చెయ్యకూడదు కాబట్టి మోచేతులు గుద్దుకున్నాం.

ఆగస్టులో పాప పుట్టింది. పుట్టేటప్పటికి మేస్త్రీ ఆసుపత్రి వరండాలోనే ఉన్నాడు. ఆ రోజు నాకు ఫోన్ చేసి, "సారూ, నీ పరిపాలన వల్లే నేను నా బిడ్డని చూసినా" అన్నాడు.

ఇక ఒప్పుకునే వేళ. క్యాబేజీలు నిజం, అంకె రాకపోవడం నిజం, పాప నిజం. ఆ ఫోన్ మాత్రం నేను కల్పించాను. అతను ఫోన్ చేసింది నాకు కాదు, వంటాయనకి. ఉల్లిపాయలు తరుగుతున్న ఆయన ఫోన్ స్పీకర్లో పెట్టి పక్కన బోర్లించాడు. చాయ్ కోసమని వెళ్ళిన నేను ఎదుటి బల్ల దగ్గర కూర్చుని విన్నాను. మేయర్ సంగతి ఎవరూ అడగలేదు.

"అన్నా," అంటున్నాడు మేస్త్రీ, "ఈ పొద్దు పాపకి నీళ్ళు పోసినారన్నా. నేనే కాగబెట్టినా. వేన్నీళ్ళే."