అమ్మ నోట నా వ్యాసం

కోయంబత్తూరులో నేను కొత్తగా వకీలైన రోజులవి. మిల్లు పనివాడు కనిపెట్టిన పరికరానికి పేటెంటు ఎవరిదన్న విషయంపై కొత్త వకీళ్లకు వ్యాసాల పోటీ పెట్టారు. పూర్తిగా సొంత రచనే పంపాలి. గెలిస్తే ఒక పెద్ద వకీలు దగ్గర జూనియరుగా చోటు దొరుకుతుంది.

ఊరి శివారు పోదనూరులో మా ఇంట్లో, ఒక మధ్యాహ్నం, ఇంగ్లీషులో రాసిన వ్యాసాన్ని చదువురాని అమ్మకు తెలుగులో చెబుతున్నాను. "తెగిన దారం అతికిన వేలికి పేరుండదు" అన్నాను.

అమ్మ బియ్యం ఏరుతూ, తల ఎత్తకుండా, "ఆ వేలు నేర్పిన మిషనుకు మాత్రం ముదలాళి పేరుంటాది" అంది.

నా చేతిలోని చిత్తుప్రతిలో తరువాతి వాక్యం అదే; నేను యజమాని అని రాసినచోట అమ్మ ముదలాళి అంది, అంతే. దాన్ని ఎవరికీ చూపలేదు. దయ్యాలు లేవని సభల్లో వాదించే నాకు వీపు చల్లబడింది. ఇంకో వాక్యం మొదలుపెట్టాను. దాన్నీ అమ్మే ముగించింది, చనిపోయిన నాన్న మాట విరుపుతో.

"నీకెట్ల తెలుసమ్మా?"

"మీ నాయన మిల్లు గేటు కాడ పనోళ్ల ముందర తమిళంలో మాట్లాడే ముందు, ఇంట్లో మన మాటలో చెప్పి చూసుకుంటా ఉండె సామీ. నువ్వు ఆయన ఒళ్లో నిద్రపోతా ఉంటివి. దీనికి పేరెవురిది పెట్టినావు?"

పోటీకి పంపాలని అప్పటికే అంటించిన కవరు విప్పి, ఆ వాక్యాలు నాన్నవని రాసి పంపాను. సొంత రచన కాదని వ్యాసాన్ని పక్కన పెట్టేశారు.

దయ్యాలు లేవనే ఇప్పటికీ అంటాను. కానీ గొప్ప ఆలోచన ఏదైనా తట్టిన ప్రతిసారీ, పేరు పెట్టుకునే ముందు నా చెయ్యి ఆగుతుంది.