సందు లేకుండా రాసిన పరీక్ష

మా శాఖను మూసేస్తామని హైదరాబాద్ నుంచి కాగితం వచ్చేనాటికి అందులో మిగిలింది ఇద్దరమే. ఒకరు రిటైరైన హెడ్మాస్టరు, ఇంకొకరు నేను. చూపులేని పిల్లలు నోటితో జవాబు చెబుతుంటే పక్కన కూర్చొని పరీక్ష రాసిపెట్టే సంస్థ అది. దేశమంతటా ఉంది. ఎవరూ జీతం తీసుకోరు. ఒకప్పుడు వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూలు మూడు చోట్లా రాసేవాళ్ళు బాగానే ఉండేవారట. కరోనా తర్వాత ఎటువాళ్ళటు పోయారు. నేను రాసేదాన్ని కాదు. వాళ్ళ మీటింగులకు వనపర్తిలో మా ఇంటి ముందు గది ఇచ్చాను, అంతే.

ఈసారి ఇంటర్ పరీక్షల్లో ఏ ఒక్క పిల్లకు రాసేవాళ్ళు దొరక్కపోయినా శాఖ ఉండదని, పిల్లలు మహబూబ్‌నగర్ పోయి వెతుక్కోవాలని ఆ కాగితంలో ఉంది. హెడ్మాస్టరు అది మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"డిగ్రీ పిల్లలు వస్తమంటరమ్మా, గని వాళ్లు పనికిరారు. ఇంటర్ రాసే పిల్లకు ఇంటర్ కంటె తక్కువ చదివినోళ్లే రాయాలె. అది రూలు."

"ఏడో తరగతి చదివినోళ్లు నడుస్తరా సారూ?"

"నడుస్తరు. ఏడ దొరుకుతరు గని?"

"ఏడ దొరుకుడేంది? ఊరు నిండ ఉన్నం."

నేను చదివింది ఏడు వరకే. చదువు ఆగిపోయిందని మూతి ముడుచుకొని బతికిన ఆడవాళ్ళు నాకు చాలామంది తెలుసు. మహిళా సంఘాల మీటింగులు ఎప్పుడెప్పుడో కనుక్కొని గద్వాలకు, నాగర్‌కర్నూలుకు బస్సులో తిరిగాను. టిఫిను డబ్బా వెంట తీసుకుపోయాను, హోటల్లో తినలేదు. గద్వాలలో ఒకామె నన్ను చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"పెద్దమ్మా, నేను సంతకం పెడితెనే బ్యాంకోళ్లు నవ్వుతరు. నేను ఇంటర్ పరీక్ష రాయాల్నా?"

"పరీక్ష నీది కాదు. ఆ పిల్ల చెప్పింది చెప్పినట్టు రాయి. సొంత తెలివి పెట్టినవో, చెయ్యి ఇరగ్గొడ్త."

"నా తాన గంత తెలివి యాడిది, పెడ్తందుకు!"

అందరూ నవ్వారు. రాసిపెట్టడానికి పదకొండు మంది వచ్చారు. ఆదివారం ఆదివారం మా ముందు గదిలో కూర్చోబెట్టి రాయించాను. గద్వాల ఆమె రాత చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఒక్కో అక్షరం చింతగింజంత, వరుసకూ వరుసకూ మధ్య ఇంత ఖాళీ. నలుగురిలో తిట్టాను. ఆమె తలూపింది గాని మార్చుకోలేదు.

పరీక్షకు కూర్చునే పిల్లలు పన్నెండు మంది. పన్నెండో పిల్లకు ఎవరూ మిగల్లేదు. నేనే పోయాను. శ్రీరంగాపూర్ దగ్గరి పల్లె ఆమెది. రెండేళ్ళుగా పాఠాలు ఫోనులో విని కంఠస్థం చేసింది. ఈసారి గట్టెక్కితే టీచర్ ట్రైనింగుకు పంపిస్తానని, లేకపోతే ఇంట్లో కూర్చొమ్మని వాళ్ళ నాయన చెప్పేశాడు. అది ఆమె మొదటిరోజే నాతో చెప్పింది. ఆమె పరీక్షలన్నీ నేనే రాశాను, చరిత్రది చివర.

చరిత్ర రోజు ఆ పిల్ల ఒక్క ప్రశ్న వదల్లేదు. నేను ప్రశ్న చదవడం ఆలస్యం, జవాబు ధారగా వచ్చేది. చెయ్యి నొప్పి పుట్టినా ఆపలేదు. చిన్నప్పుడు నాకు ఏడాదికి ఒక్కటే నోటుబుక్కు ఉండేది. ఈ అంచు నుంచి ఆ అంచుకు, సందు లేకుండా రాసేదాన్ని. ఒక లెక్క అయిపోతే దాని పక్కనే ఇంకో లెక్క. ఇప్పుడూ నా చెయ్యి అట్లాగే నడిచింది. మూడు గంటలు, ఆపైన వాళ్ళకిచ్చే ఎక్కువ గంట అయ్యేసరికి సగం పేజీలు తెల్లగానే ఉన్నాయి. నాకు సంతోషమైంది.

"సగం బుక్కు మిగిలింది బిడ్డా," అన్నాను.

పిల్ల మొహం మారింది. "మిగిలిందా? నేను మస్తు చెప్పిన గదా అవ్వా."

"సన్నగ రాసిన."

"మంచిగ కనపడ్తదా మరి?"

"నాకు కనపడ్తలేదా ఏంది?" అని గదమాయించాను. చూపులేని పిల్ల, ఇంకేం అంటుంది?

మిగతా సబ్జెక్టులన్నీ అంతంతమాత్రం మార్కులతో గట్టెక్కాయి. చరిత్ర పోయింది. గద్వాల ఆమె రాసిపెట్టిన పిల్లవాడితో సహా మిగిలినవాళ్ళందరూ పాసయ్యారు. హెడ్మాస్టరు జవాబుపత్రం నకలు తెప్పించి, కిటికీ దగ్గర నిలబడి చాలాసేపు చూశాడు.

"ఇది ఏడో ప్రశ్న జవాబా అమ్మా, ఎనిమిదోదా?"

"రెండు సారూ. ఒకటి అయినంక ఒకటి."

ప్రశ్న నంబర్లు వరుసల మధ్యలో ఇరుక్కుపోయి ఉన్నాయి. దిద్దినవాళ్ళు నాలుగు జవాబులను ఒకటిగా అనుకొని, ఒకదానికే మార్కులు వేసి పోయారు. పిల్ల చెప్పింది అంతా ఉంది, అక్షరం పోలేదు. సారు నకలు మడిచి నా చేతికిచ్చాడు. తిట్టినా బాగుండేది.

నకలు తెప్పించేలోపే మళ్ళీ దిద్దించడానికి, ఆ ఏడే మళ్ళీ రాయడానికి ఫీజు కట్టే తారీఖులు దాటిపోయాయి. ఆ పల్లెకు పోయాను. పిల్ల గడప దగ్గర కూర్చొని విత్తనానికి పల్లికాయ ఒలుస్తూ ఉంది. తండ్రి చేను నుంచి అప్పుడే వచ్చాడు. ఇద్దరూ వినేలా చెప్పాను.

"తప్పు నాది. పిల్ల అన్ని చెప్పింది. నేనే ఇరికిచ్చి రాసిన."

"దీనికి రాకనే పోయిందనుకున్న," అన్నాడు తండ్రి. "ఇప్పుడు చెప్తె ఏం లాభం పెద్దమ్మా? ఏడాది పాయె."

పిల్ల గుడ్డి కళ్ళను తండ్రి గొంతువైపు తిప్పింది. "నీకు చదువు రాదు, పల్లికాయ ఒలువుమన్నవ్ గదా నాయ్నా. ఇన్నవా ఇప్పుడు?"

అతను తలగుడ్డ విప్పి దులుపుకున్నాడు. "ఇంకొక్కపారి రాయి," అన్నాడు.

"రాస్త." తర్వాత నా వైపు తిరిగింది. "గని నువ్వు రాకు అవ్వా."

"రాను బిడ్డా," అన్నాను. మంచినీళ్ళు ఇస్తే తాగి, బస్సు ఎక్కాను.

ఆ నెలలోనే సంస్థ ఢిల్లీ పెద్దాఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. ఏ పిల్లా రాసేవాళ్ళు లేక ఆగలేదని, శాఖ కొనసాగుతుందని, మళ్ళీ నిలబెట్టినందుకు నన్ను మెచ్చుకుంటున్నామని. అది గోడకు పెట్టుకొమ్మని సారు అన్నాడు. సంచిలో వేసి పెట్టాను.

మరుసటి ఏడు గద్వాల ఆమెను బతిమాలి ఆ పిల్లకు కుదిర్చాను. నలుగురిలో తిట్టినదాన్ని, నలుగురిలోనే అడిగాను. పరీక్ష రోజు నేను సెంటరు వైపు పోలేదు. సాయంత్రం ఫోను చేస్తే, "రాసిచ్చిన పెద్దమ్మా, పిల్ల మంచిగ చెప్పింది," అన్నది. అంతకుమించి అడగబుద్ధి కాలేదు.

ఫలితాలు ఇంకా రాలేదు. వచ్చిన రోజు ఆ పిల్ల ఫోను గద్వాల ఆమెకే చేస్తుంది. నేను ఆమెను అడిగి తెలుసుకోవాల్సిందే.