మీకేమర్థమైందో చెప్పండి

పెద్ద మేడం పోయిందని మొన్న పొద్దున మా బడి ఆయమ్మ ఫోన్ చేసింది. నా నోటి నుంచి ముందు వచ్చింది ఏడుపు కాదు. "ఎవలు చెప్పిండ్రు? నువ్వు పోయి చూసినవా?" అని అడిగాను. ఆయమ్మకు కోపమొచ్చింది. "సావు కాడ గూడ అనుమానమేనా అక్కా! బుద్వేల్ల ఆళ్లింట్లనే ఉన్న. గుండెనొప్పి అంట. దవాఖానకు తీస్కపోయేలోపే పానం పోయింది" అంది. ఏడుపు ఆ తర్వాత వచ్చింది.

ఈ సంగతి మేడం వింటే నవ్వేది. నాకు పుట్టుకతోనే అనుమానం ఎక్కువ. పాలవాడు పోసి వెళ్లాక చెంబు వంచి చూసే రకం నేను. దానికి తోడు, ఎయిర్‌పోర్టు వస్తుందని భూముల ధరలకు రెక్కలొచ్చిన రోజుల్లో ఒక బ్రోకర్ చదివి వినిపించిన కాగితానికి మా మామ వేలిముద్ర వేశాడు. వాడు చదివిందొకటి, అందులో ఉన్నదొకటి. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయి. అప్పటి నుంచి మా ఇంట్లోకి కాగితం వస్తే పాము వచ్చినంత భయం.

ఎయిర్‌పోర్టు తెరిచిన మూడేళ్లకు మేడం మా శంషాబాద్ సర్కారు బడికి హెడ్‌మాస్టరుగా వచ్చింది. గోదావరి వైపు మనిషి. ఆ రోజుల్లో యాసను బట్టే మనిషిని తూకం వేసేవాళ్లం. ఆవిడ "అండీ" అన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. సాయంత్రం బడి వదిలే వేళకు గేటు పక్కన కుర్చీ వేసుకుని, ఒళ్లో చిన్న డైరీ పెట్టుకుని కూర్చునేది. బిడ్డను తీసుకురావడానికి వెళ్లిన నేను ఊరుకుంటానా? "గుడ్డు గింత చిన్నగున్నదేంది మేడం?" "లెక్కల సారు రెండొద్దుల సంది ఎందుకొస్తలేడు?" అని నిలదీసేదాన్ని. ఆవిడ ఓపిగ్గా జవాబు చెప్పి, డైరీలో ఏదో రాసుకునేది. నా పేరే రాస్తోందని నాకు గట్టి నమ్మకం. నా మీది కోపం రేపు నా బిడ్డ మార్కుల మీద తీర్చుకుంటుందని కూడా అనుకున్నాను.

అంతకుముందు మా బడిలో తల్లిదండ్రుల కమిటీ ఎలా ఏర్పడేదో చెప్పాలి. ప్లాట్లు అమ్మే పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు, ఊరంతా అన్నా అనే పిలుస్తుంది. ఆయన జేబులోంచి చీటీ తీసి పేర్లు చదివేవాడు. మేం చప్పట్లు కొట్టేవాళ్లం. ఎన్నిక అయిపోయేది! చీటీలో ఆడవాళ్ల పేర్లు ఉండేవి గానీ సంతకాలు మొగుళ్లవి. ఆ కమిటీకి పెద్ద ఆయనే. ఆయన పిల్లలు మాత్రం ప్రైవేటు బడి బస్సెక్కేవాళ్లు.

కమిటీని తరగతుల వారీగా తల్లిదండ్రులే ఎన్నుకోవాలని కొత్త రూలు వచ్చిందని చెప్పి, మేడం మమ్మల్ని మా పిల్లల తరగతి గదుల్లోనే, ఆ పొట్టి బెంచీల మీదే కూర్చోబెట్టింది. "మీలో ఎక్కువ ప్రశ్నలేసేది ఎవరండీ?" అని అడిగింది. గదిలో ఆడవాళ్లంతా పకపకా నవ్వి నన్ను చూపించారు. చేతులెత్తమంటే ఎత్తారు. పక్క తరగతుల్లోనూ నాలాంటి గయ్యాళులనే ఏరిందని తర్వాత తెలిసింది. పదవి ఇచ్చి నా నోరు మూయిస్తోందని గొణుక్కుంటూ ఇంటికొచ్చాను.

మా ఆయన క్యాబ్ నడుపుతాడు. "నువ్వెందుకు పరేషాన్ అయితవ్, నేను పోయి సంతకం పెట్టొస్త తియ్" అని మొదటి మీటింగుకు తనే వెళ్లాడు. మేడం ఆయనకు చాయ్ తాగించి వెనక్కి పంపింది. "మీ ఆవిడ వచ్చేదాకా మొదలుపెట్టమండి" అందట. పొయ్యి మీద కూర దించేసి, తిట్టుకుంటూ పరుగెత్తాను.

మీటింగుల్లో ఆవిడకొక పద్ధతి ఉండేది. ప్రతి కాగితమూ నిదానంగా చదివి వినిపించేది. "మీకేమర్థమైందో మీ మాటల్లో చెప్పండమ్మా" అనేది. ఒక్కొక్కరం చెప్పాలి. తప్పు చెబితే మళ్లీ చదివేది. అందరం చెప్పాకే పెన్ను మూత తన చేత్తో తీసి మాకు అందించేది. నాకు తిక్కలేచేది. "మేమేమన్న చిన్నపోరలమా మేడం, పాఠం అప్పజెప్పనీకె?" అన్నానొకసారి.

"పాఠం తప్పితే మళ్లీ చదువుకోవచ్చు. సంతకం తప్పితే ఏం చేస్తారు?" అంది. మా మామ వేలిముద్ర సంగతి ఈవిడకెవరు చేరవేశారా అని నాలుగు రోజులు ఆరా తీశాను.

మా బిడ్డ ఏడో తరగతికి వచ్చిన ఏడు, అన్న ఒక కాగితం పట్టుకుని మీటింగుకొచ్చాడు. కమిటీలో లేకపోయినా మేడం పక్కనే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "పిల్లలకు కొత్త రూములు అక్కా. సంతకాలు పెడితే పని షురూ అయితది" అన్నాడు. మేడం ఆ కాగితాన్ని గుక్క తిప్పుకోకుండా గబగబా చదివేసింది. దాని మీద పెన్ను పెట్టి చెయ్యి వెనక్కి తీసుకుంది. ఏమర్థమైందని ఎవరినీ అడగలేదు.

అన్న పెన్ను తీసుకుని, మూత తీసి, నవ్వుతూ నా చేతికిచ్చాడు. ఎప్పుడూ అడిగే మనిషి ఇవాళ ఎందుకు అడగలేదు?

"మేడం, జర మల్ల సదువుండ్రి. మెల్లగ" అన్నాను.

ఈసారి మాట మాటా విడదీసి చదివింది. ఇప్పుడున్న జాగా వదులుకుని, బడిని పెద్దరోడ్డు అవతల గోదాముల వెనక్కి మార్చడానికి మేం ఒప్పుకున్నట్టు అందులో ఉంది. మా ఆయన ఎప్పుడో తేల్చి చెప్పాడు, రోడ్డు దాటాల్సిన చదువైతే పిల్లను బంద్ చేయిస్తానని. ఆ లారీల మధ్య ఎవరు పంపుతారు? నేను పెట్టబోయింది నా బిడ్డ చదువు మాన్పించే సంతకం.

ఇక నా నోటికి అడ్డూ అదుపూ లేకపోయింది. అన్నను ఒక్క మాట అనలేదు. మేడం మీద పడ్డాను. "ఇన్నొద్దులు ముక్క ముక్క అప్పజెప్పిచ్చుకున్నవ్. గియ్యాల ఎందుకడగలే? నీకెన్ని గజాల ప్లాట్ ఇస్తనన్నడు?" అన్నాను. మీరు అనే మర్యాద కూడా ఎగిరిపోయింది. ఆవిడ ముఖం ఎర్రబడింది. తల వంచుకుంది. నేను పెన్ను బల్ల మీద పడేశాను. మిగతా ఆడవాళ్లు కూడా "మాకు సమజ్ కాలే, మేం పెట్టం" అని లేచారు. కాగితం ఎలా వచ్చిందో అలాగే తిరిగిపోయింది. అన్న ప్లాట్లకు దారి మా బడి స్థలం మీదుగా పడాల్సి ఉందని ఆ తర్వాత బయటపడింది. బడి ఎక్కడికీ కదల్లేదు. మా బిడ్డ ఈ ఏడు అక్కడే పదో తరగతి రాసింది.

నేను మాత్రం మేడాన్ని నమ్మలేదు. పోయినేడు ఆవిడ రిటైరైన రోజున, ఆ డైరీలో ఏముండేదో ఆయమ్మ చెప్పింది. నా పేరు ఉన్నమాట నిజమేనట. దాని కింద నేనడిగిన ప్రశ్నలట. గుడ్డు, లెక్కల సారు, అన్నీ. దండలూ ఫోటోలూ అయ్యాక పక్కకు పిలిచి అడిగాను. "మేడం, నిజం చెప్పుండ్రి. ఆ పొద్దు ఎందుకడగలే మమ్ములను?"

ఆవిడ కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. "మీకేమర్థమైందో మీరే చెప్పండమ్మా" అంది.

తప్పించుకుంటోందా, పరీక్ష పెడుతోందా? తేల్చుకోలేక, ఆలోచించి చెప్తానన్నాను. "తొందరేం లేదండి" అంది. బుద్వేల్ ఎంత దూరం! ఇవాళ, రేపు అనుకుంటూ ఏడాది గడిపేశాను.

మొన్న ఆవిడను సాగనంపి వచ్చి, ముద్ద దిగక కూర్చుంటే ఆ మీటింగే కళ్ల ముందు తిరిగింది. ఆ రోజు పెన్ను మూత తీసింది అన్న. మేడం తీయలేదు. ఎదురు చెబితే బదిలీ చేయించగల మనిషి పక్కన కూర్చుని ఉంటే, ఆవిడ తన పద్ధతి మొత్తం మానేసింది. మానేస్తే ఈ అనుమానపు మనిషి ఊరుకోదని ఆవిడకు తెలుసు. తన మీద నింద పడుతుందనీ తెలిసే ఉంటుంది. పడింది. నేనే వేశాను.

నాకర్థమైంది ఇది మేడం. నా మాట తప్పయితే మళ్లీ చదివి వినిపించడానికి మీరు లేరు. ఆ ప్లాటు మాటకు నన్ను క్షమించండి. ఇప్పుడు నాకు అన్న కనబడటం లేదు, ఆ కాగితంలోని మాటలూ గుర్తు లేవు. మూత బిగించి ఉన్న ఆ పెన్ను, దాన్ని అక్కడ పెట్టి వెనక్కి తీసుకున్న మీ చెయ్యి, అవే కనబడుతున్నాయి.