బండల సందులో పొదిగిన పెట్ట

ఈ వయసులోనూ కంటికి చూపు, మనసుకు జ్ఞాపకం మిగిల్చి, ప్రతి ఉదయం కొత్త కృపతో నన్ను లేపుతున్న దేవాదిదేవునికి స్తోత్రము. గడ్డిపువ్వుకు రంగు తొడిగేవాడు, పిచ్చుకకు గూడు చూపేవాడు ఆయనే.

మొన్న మనవడు పనికి పోబోతూ మెట్ల మీది హెల్మెట్ తీస్తే, అందులో పక్కింటి కోడి పెట్టిన గుడ్డు, ఇంకా వెచ్చగా ఉంది. ఇంట్లో అంతా నవ్వారు. నేనూ నవ్వాను గానీ, నవ్వు సగంలోనే ఆగింది. కోడి దొంగచాటుగా గుడ్డు పెట్టిందంటే చాలు, నాకు మా మేనత్త గుర్తొస్తుంది.

డోన్‌కు అవతల మా పల్లె. పంతొమ్మిదివందల యాభైలలో, వాన మొహం చాటేసిన ఏళ్లవి. అమ్మ తన పుట్టింటి నుంచి ఒక పెట్టను తెచ్చి నీదే అని నా చేతిలో పెట్టింది. కుక్క పీకగా తోక మొండిగా మిగిలిన పెట్ట. అందరి కోళ్లూ బుద్ధిగా గంప కింద గుడ్లు పెడితే, నాది ఒకసారి ఎద్దులు మేసే గాడిలో, ఒకసారి నాన్న మంచం మీద విప్పి పెట్టిన రుమాలులో పెట్టేది. నాన్న తలకు చుట్టుకోబోయి, "మే పాపా, నీ కోడి నా నెత్తిమీదే కాపురం పెట్టేట్టుండాదే!" అన్నాడు. దాని గుడ్లు చాలావరకు ముంగిసల పాలే. నాకేమో ఒకటే ఆశ. కోతపండుగకు ప్రతి ఇంటివారూ తొలిపంటనో కోడినో మందిరానికి తెచ్చేవారు. పాస్టరు అయ్యగారు ఇచ్చినవారి పేరు పలికి ప్రార్థన చేసేవారు. పిల్లలం అమ్మల కొంగు పట్టుకుని వెళ్లడమే తప్ప, మా పేరు ఎవరూ పలికేవారు కాదు. నా పెట్ట తొలిసారి పిల్లల్ని లేపితే, తల్లితో సహా నా చేతులతోనే అర్పిస్తానని మొక్కుకున్నాను. దేవుని ముందు ఒక్కసారి నా పేరు వినపడాలి, అంతే.

ఆ ఏడు పెట్ట మాయమైంది. వెతికి వెతికి, ఎప్పటికీ కట్టని గది కోసం నాన్న గోడకు ఆనించిన నాపబండల సందులో గుడ్ల మీద కూర్చుని ఉండగా చూశాను. అమ్మకు కూడా చెప్పలేదు. గోడ అవతల మేనత్త ఉండేది. పిల్లలు లేరు. రోజూ నా తల దువ్వేది ఆమే. ఆమె కోళ్లన్నీ వేసవి తెగులుకు పోయాయి.

"నీ మొండితోకది కనపడక శానా దినాలాయ. నక్క తినింటాదిలే మే," అంది ఒక పొద్దు, జడ అల్లుతూ.

"తినలేదత్తా! బండల సందులో పొదిగిండాది."

"నా తల్లే! ఎవురికీ చెప్పొద్దు, దిష్టి తగులుతాది."

పిల్లలు లేచాయి. పండుగ ముందు సాయంత్రం చూస్తే, సందులో పెంకులు తప్ప ఏమీ లేవు. ముంగిసను తిట్టుకుంటూ ఏడ్చాను.

మర్నాడు మందిరంలో అత్త తలమీది గంప దించి మూత తీసింది. నా మొండితోక పెట్ట, దాని రెక్కల కింద పిల్లలు. అయ్యగారు అత్త పేరు పలికి, ఈమె ఒడి నింపు తండ్రీ అని ప్రార్థించారు. సంఘమంతా ఆమేన్ అంది. "అమ్మా, అది నాది!" అన్నాను. అమ్మ నా నోరు మూసింది.

"గమ్మునుండే. దేవుని ముందర పెట్టినాంక ఇంగ నీదేంది? మీయత్త బిడ్డ కోసరం మొక్కుకొనిండాది. నేనే తీస్కపొమ్మన్నా."

సాయంత్రం అత్త దువ్వెన పట్టుకుని వచ్చింది. "నువ్విచ్చినా దేవునికే, నేనిచ్చినా దేవునికే గదా పాపా!" అంది. నేను ఆమె ముందు కూర్చోలేదు. ఆ తర్వాత ఎన్నడూ కూర్చోలేదు.

అత్త ఒడి నిండలేదు. అత్తా, అమ్మా ఇద్దరూ ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారు. ప్రభువు రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే బల్లారాధనకు ముందు ప్రతిసారీ ఇద్దరినీ క్షమించాననే చెబుతాను, లేచి ఇంటికొచ్చేసరికి మళ్లీ ఆ గంప కళ్ల ముందుంటుంది. ఆనాడు అత్త కోసం సంఘమంతా పలికిన ఆమేన్ నేను పలకలేదు. ఇన్నేళ్ల కాలమూ దాన్ని నా గొంతు దాటించలేకపోయింది. చదువుతున్న మీరు కూడా నాతో కలిసి ప్రార్థించండి, మిగిలిన ఈ కొద్ది దినాల్లోనైనా అది నా నోట పలకాలని.