డిక్కీలో కూర్చున్న మా బావమరిది

నేను చదివింది అయిదో తరగతి. అయినా నలభై ఒక్కేళ్లుగా ఈ చుట్టుపక్కల కార్లకు వెలుగిస్తున్నది నేనే. నీళ్లలో మునిగిన అంబులెన్సు దీపాలను ఒక్క పూటలో వెలిగించాను. పెద్ద షోరూములవాళ్లు చేతులెత్తేసిన బండ్లు పదకొండు నా షెడ్డులో బాగుపడ్డాయి. ఇప్పుడు చెప్పేది మాత్రం నా భార్య తమ్ముడి సంగతి. వాణ్ణి అందరూ బస్తా అంటారు, దించిన చోటే ఉంటాడు గనక. ఎక్కడ పనికి కుదిరినా కూర్చుంటున్నాడని తీసేసేవారు. కూర్చోవచ్చు కదా అని కాపలా పనిలో పెట్టిస్తే, పడుకున్నాడు.

ఒక ఉదయం డ్రైవింగు నేర్పే టీచరమ్మ తన ముప్పై ఏళ్ల కారు తెచ్చింది. బ్రేకు తొక్కితే ఇండికేటర్లు వెలుగుతున్నాయి. ఇండికేటరు వేస్తే వెనక దీపాలన్నీ కన్ను కొడుతున్నాయి.

“బాబాయ్, రేపు పొద్దున తనిఖీ. లైట్లు తప్పితే బండిని తుక్కు కింద రాసేస్తారు. ఇది పోతే నా బడి మూతే.”

ఫ్యూజులు మార్చాను. తొమ్మిది బల్బులు మార్చాను. లాభం లేదు. అప్పుడిక నా పద్ధతికి దిగాను. ఇంటిల్లిపాదినీ కారు చుట్టూ దీపానికొకరు చొప్పున నిలబెడతాను. నేను బ్రేకు తొక్కుతుంటే ఎవరి దీపం సంగతి వాళ్లు అరవాలి.

“నాది వెలిగింది మావయ్యా!” అంది కోడలు.

“నాది ఊరికే వెలిగి ఊరికే ఆరింది. అచ్చం మీ కోపంలాగే,” అంది నా భార్య.

“ఒరేయ్ బస్తా, నీదేంట్రా?”

“కాళ్లు పీకుతున్నాయి బావా,” అంటూ వాడు తెరిచిన డిక్కీలో కూలబడ్డాడు.

కారు మూలిగింది. మరుక్షణం ఏ దీపం పని అది చేసింది! వాణ్ణి లేపాను, మళ్లీ గందరగోళం. కూర్చోబెట్టాను, అన్నీ బుద్ధిగా వెలిగాయి.

“మా అక్క పెళ్లిలో కూడా ఇన్నిసార్లు లేవలేదు బావా!”

కరెంటు తీగలో దీపానికి వెళ్లి, కారు రేకు మీదుగా బ్యాటరీకి తిరిగొస్తుంది. ఆ తిరుగుదారినే ఎర్తు అంటాం. వెనక దీపాల ఎర్తు తీగను రేకుకు బిగించిన బోల్టు తుప్పు పట్టింది. ఇంటిదారి మూసుకుపోతే మనిషి పక్కవాళ్ల పెరట్లోంచి దూకి వెళ్లినట్టు, కరెంటు పక్క దీపాల్లో దూరుతోంది. వీడి బరువుకు రేకు వంగి, దారి తెరుచుకుంటోంది.

“రేపు నేను లేకపోతే టీచరమ్మ బండి పాసవదు,” అని బస్తా వీధంతా చాటేశాడు. చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు. సాయంత్రం నేను తుప్పు గీకి కొత్త తీగ వేశాను గానీ, ఆ చొక్కా చూశాక చెప్పడానికి నోరు రాలేదు.

మర్నాడు పొద్దున తనిఖీ అధికారి బండి వెనక్కి వచ్చి నిలబడిపోయాడు.

“డిక్కీలో ఉన్నాయన ఎవరు?”

“ఎర్తునండీ,” అన్నాడు బస్తా హుందాగా.

“దిగండి.”

“దిగితే ఈ అమ్మాయి బడి మూతపడుతుందండీ. చంపినా దిగను.”

“అయితే బండి ఫెయిలు,” అంటూ ఆయన ముద్ర చేతిలోకి తీసుకున్నాడు. టీచరమ్మ నా చెయ్యి పట్టుకుని లాగింది.

నేను బస్తా చెవి దగ్గర వంగాను. “దిగరా. కొత్త తీగ వేసేశాను.”

“ఎప్పుడు?”

“నిన్ననే.”

“మరి నన్నెందుకు మోసుకొచ్చావ్?”

నేను వాడి ఇస్త్రీ చొక్కా వైపు చూశాను. వాడు ఒక కాలు దించాడు, ఆగి దీపాల వైపు చూశాడు, రెండోదీ దించాడు. ఒక్క దీపమూ తప్పలేదు. పాసు ముద్ర పడింది.

తిరిగి వస్తుంటే టీచరమ్మ బండి నడుపుతోంది. బస్తా ముందు సీట్లో కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. సగం దారిలో మెల్లగా అడిగాడు:

“తప్పెక్కడుందో పట్టింది మాత్రం నేనే కదా బావా?”

“నువ్వేరా. తొమ్మిది బల్బులు మార్చి కూడా నేను పట్టలేకపోయాను,” అన్నాను. టీచరమ్మకు వినపడేలా, గట్టిగానే అన్నాను.