ఎజ్డీ మెడ మీది నంబరు

జువ్వలదిన్నె రేవులో పడవలకు రంగులేసే హెబ్రోనుకు రెండు మోటారుసైకిళ్లున్నాయి. ఒకటి పనికి తిరిగే మామూలు బండి. రెండోది పాత ఎజ్డీ. వయసులో అతని కంటే రెండు మూడేళ్లే చిన్నది. దాని మీద చర్చికి తప్ప ఎక్కడికీ పోడు. వీధిలో పోయే బండి శబ్దం విని అది ఏ బండో, సైలెన్సరు మార్చారో లేదో ఇంట్లో కూర్చునే చెబుతాడు. తను పిలిస్తే మాత్రం ఆయనకు వినపడదని భార్య కరుణాకుమారి దెప్పుతుంటుంది.

సముద్రపు గాలికి ఇనుము నిలవదు. అందుకని వేసవిలో వేట నిషేధం పెట్టి పడవలన్నీ ఒడ్డుకు చేరినప్పుడు, వాటి పని కాగానే హెబ్రోను ఎజ్డీని విప్పుతాడు. పడవకు చేసినట్టే దానికీ చేస్తాడు. తుప్పు గీకుతాడు, గుంటల్లో లప్పం కూరుతాడు, గరుకు కాగితంతో రుద్దుతాడు, ఆ పైన రంగేస్తాడు. ఆ ఏడాది ఏ పడవ రంగు మిగిలితే ఆ రంగే. చేత్తో నిమిరితే ఎక్కడా గుంట తగలకూడదు. ఆ పట్టుదలే అతని కొంప ముంచింది.

కిందటేడు పడవల హడావుడిలో ఎజ్డీ ఇన్సూరెన్సు గడువు దాటిపోయింది. చర్చికి పోతూ కావలి రోడ్డులో ఎవరికైనా తగిలిస్తే మన గతేమిటని కరుణాకుమారి పోరు పెట్టింది. ఆ పోరు పడలేక, తమ చర్చికే వచ్చే ఇన్సూరెన్సు ఏజెంటు మాథ్యూని పిలిచాడు. గడువు దాటిన బండి కాబట్టి చాసిస్ నంబరు ఫోటో కావాలన్నాడు మాథ్యూ. ఆ నంబరు హ్యాండిల్ కింద, ఫ్రేము మెడ మీద గుద్ది ఉంటుంది. ఇద్దరూ వంగి చూశారు. మెడ నున్నగా, పచ్చగా మెరుస్తోంది. ఒక్క అంకె కూడా లేదు.

మాథ్యూ ఆ మెడను వేలితో తడిమి చూశాడు.

"అన్నా, దొంగబండ్లోళ్లు చేసే పని ఇదే గదా," అన్నాడు గొంతు తగ్గించి.

"నేను లప్పం పెట్టినానబ్బా."

"నాకు తెలుసు. రోడ్డు మీద ఆపేవాళ్లకు తెలీదు గదా. నంబరు బయటపడేదాకా బండి తియ్యబాక."

అతను వెళ్లిపోయాక హెబ్రోను ఎజ్డీ మీద టార్పాలిను కప్పేశాడు. తర్వాతి రోజుల సంగతి చెప్పేటప్పుడు ఇప్పటికీ అరచేతులు ప్యాంటుకు తుడుచుకుంటాడు. కానిస్టేబులు బుల్లెట్టు వీధి మలుపు తిరిగితే చాలు, చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయేదట. ఒక ఆదివారం పాస్టరు గారు దొంగతనం గురించి వాక్యం చెబితే, మాథ్యూ ఆయనకు చెప్పేశాడేమోనని తల దించుకుని కూర్చున్నాడట.

అతన్ని తినేసింది ఒకటే సందేహం. మెడ మీద గరుకు కాగితమే రుద్దాడా, ఇనుమును అరగదీసే గ్రైండరు పెట్టాడా? కాగితమే అయితే నంబరు లప్పం కింద ఉంటుంది. గ్రైండరైతే ఉండదు. ఒక ఏడు తుప్పు బాగా తినేసిందని గ్రైండరు తెచ్చిన మాట నిజం. ఎక్కడెక్కడ ఆనించాడో గుర్తు రావడం లేదు.

గీకి చూస్తే తేలిపోతుంది. కానీ గీకడానికే భయం. గీకనంతవరకూ నంబరు కింద ఉందని అనుకోవచ్చు. గీకాక లేకపోతే, ఆర్‌సీ తన పేరునే ఉన్నా అది ఈ బండిదేనని ఎవర్ని నమ్మించగలడు? ఇంజను నంబరు శుభ్రంగా ఉంది గానీ, ఒక బండి ఇంజను ఇంకో బండికి బిగించడం ఎంతసేపు? బండి పనీ తెలిసిన తనే ఎంతమందికో బిగించి ఇచ్చాడు.

ఒక మధ్యాహ్నం కరుణాకుమారి టార్పాలిను లాగేసి, థిన్నరు డబ్బా, పాత చీర ముక్క తెచ్చి ముందు పెట్టింది.

"నువ్వు తుడుస్తావా, నన్ను తుడవమంటావా?"

"నువ్వు ముట్టుకోబాక," అని గుడ్డ తీసుకున్నాడు.

పచ్చ రంగు పోయింది. దాని కింద నీలం, నీలం కింద తెలుపు, అట్టడుగున గట్టిపడిన లప్పం. ఆమె పిన్నీసు తీసిచ్చింది. దాంతో పొడిచి పొడిచి తీస్తుంటే ఒక అంకె కనబడింది, పక్కనే ఇంకొకటి. అతను చదువుతుంటే ఆమె ఆర్‌సీలో చూసి సరిపోయిందంటోంది. సగం దాటాక అతను చదవడం ఆపి పిన్నీసు తీసేశాడు. అక్కడ లప్పం లేదు. ఇనుము మీద గుండ్రంగా, నున్నగా గ్రైండరు తిరిగిన గుర్తు ఉంది. మిగిలిన అంకెలు లేవు.

మళ్లీ రంగేసి మూసేద్దామన్నాడు. దాస్తే నిజంగానే దొంగలమవుతామంది ఆమె. మర్నాడు ఎజ్డీని చేపల ట్రాలీ ఆటో ఎక్కించి స్టేషనుకు తీసుకుపోయారు. మాథ్యూ కూడా వచ్చాడు. హెబ్రోను మనసులో ఆ రోజు ఇంటికి తిరిగొచ్చే ఆశ లేదు. వస్తూ వస్తూ చొక్కా, తువ్వాలు సంచిలో పెట్టుకున్నాడు.

ఎస్సై అంతా విని, నంబరు చెరిపేస్తున్నానని తెలియలేదా అని అడిగాడు.

"పడవ మీది నంబరు ఏడాదికోసారి చెరిపి మళ్లీ రాస్తాం సార్," అన్నాడు హెబ్రోను. "ఆ అలవాటున చెయ్యి అట్టనే పోయింది. ఇది మళ్లీ రాసేది కాదని తట్టలేదు."

ఎస్సై నవ్వలేదు. కోప్పడనూ లేదు. నిపుణులు చూడాలి, ఆ బండి మీద ఎక్కడా కేసు లేదని తేలాలి, ఆ పైన రవాణా ఆఫీసు వాళ్లు ఒప్పుకుంటే మళ్లీ నంబరు గుద్దుతారు, అన్నాడు. అంతదాకా బండి ఇక్కడే ఉండాలన్నాడు.

"నన్నూ ఉండమంటారా సార్?"

"నువ్వెందుకయ్యా? పో ఇంటికి."

కానిస్టేబులు ఎజ్డీని తోసుకుపోయి, గోడ పక్కన పట్టుబడిన బండ్ల వరసలో నిలబెట్టాడు. వాటిలో కొన్నింటికి చక్రాలే లేవు. కొన్నింటి సీట్లలోంచి గడ్డి మొలిచింది. హెబ్రోను గేటు దాకా వచ్చి రెండుసార్లు వెనక్కి చూశాడు.

బస్సెక్కాక కూడా అతను బట్టల సంచిని రెండు చేతులతో గట్టిగా పట్టుకునే కూర్చున్నాడు. కరుణాకుమారి సంచి తన ఒళ్లోకి తీసుకుంది.

"నిన్ను వదిలిపెట్టినారు గదా. ఇంకేం భయం?"

"దాన్ని వదల్లేదు గదా," అన్నాడు.